ఆంగ్లభాషయందలి విలక్షణ పదనిష్పత్తి

శబ్దముల సాధుత్వమును విచారించు శాస్త్రము మనకుఁ గలదు. ప్రకృతి యిది, ప్రత్యయ మిది, ఆగమ మిది, ఆదేశ మిది యని విభజించి చూపుట దాని పని. ఆంగ్లేయభాషయందును నట్టి రాజమార్గములు లేకపోలేదు. ధాతువుపైఁ గర్త్రర్థమున ‘అర్’ ప్రత్యయమును జేర్చుట, రెండు నామములను సమాసముగాఁ గూర్చుట మొదలగునవి యా భాషలోఁ బురాతనములు. కాని గడచిన మూఁడు శతాబ్దములలో, విశేషించి గడచిన నూటయేఁబదియేండ్లలో, ఆ భాషయందుఁ బదములు వేఱొక విధముగాఁ బుట్టుచున్నవి. ప్రకృతిని గోసివైచి ప్రత్యయమును మాత్రము మిగుల్చుకొనుట, రెండు పదముల తునుకలను గలిపి యొకటి చేయుట, మాటలసమూహమందలి మొదటి యక్షరములను బేర్చి పదమనుట, లేని ధాతువును ఉన్నట్లు భ్రమించి వెలికిఁ దీయుట మొదలగున వట్టివి. వీనిని జూచి నవ్వు పండితులు కలరు. నేనును జాలకాలము నవ్వినవాఁడనే. ఒక విద్యార్థి యడిగిన ప్రశ్నవలన నా నవ్వు నిలిచినది. ఆ ప్రశ్న యెట్టిదో సందర్భము వచ్చినప్పుడు మనవి చేసెదను.

మొదట మన వీథులలో నిత్యము తిరుగు ‘బస్సు’ను జూతము. దీనికి మూలము లాటిను భాషలోని ‘ఆమ్నిబుస్’ అను పదము. ‘ఆమ్ని’ యనునది సర్వార్థకమగు ప్రాతిపదికము, ‘బుస్’ విభక్తి. ‘అందఱికొఱకు’ అని యర్థము. ఫ్రాన్సుదేశమున నాంట్ నగరములో 1826వ సంవత్సరమున బోద్రీ యనునాతఁడు రుసుము చెల్లించిన వారెవ్వరైనను నెక్కఁదగిన గుఱ్ఱపుబండ్లను నడపెను. వానికి నీ పేరు గలిగెను. 1828లోఁ బారిసునందును, 1829 జూలై 4వ తేదీన లండనునందును నట్టి బండ్లు నడువఁజొచ్చినవి. లండనులో వానిని నడపినవాఁడు జార్జి షిల్లిబీరు. కొలఁది యేండ్లలోనే ఆంగ్లేయులు ‘ఆమ్ని’ని వదలి ‘బస్’ అనుటకు మొదలిడిరి.

పాణినీయులు గమనింపవలసిన విశేష మిచట నున్నది. లాటినునందలి ‘బుస్’ చతుర్థీ పంచమీ బహువచనములకుఁ జెల్లు ప్రత్యయము. మన ‘భ్యస్’ ప్రత్యయమును సరిగా నా రెండు విభక్తుల బహువచనములకే చెల్లును. మూలభాషయందలి భకారము లాటినునఁ బదమధ్యమున బకార మగుట భాషాతత్త్వవేత్త లెఱిఁగినదే. యకార మొక్కటి తప్ప రెండును దోఁబుట్టువులు. కాఁబట్టి రాజమహేంద్రవరమునుండి కాకినాడకుఁ బోవు బస్సు భ్యస్ ప్రత్యయమునకు జ్ఞాతి. ప్రకృతి లండను వీథులలో రాలిపోయినది. విభక్తి చక్రములు దాల్చి మన యూరికి వచ్చినది. మనవారు మరల దానిపై విభక్తిని జేర్చి ‘బస్సులకై కాచియున్నారు’ అనుచున్నారు. చతుర్థిపైఁ జతుర్థి, బహువచనముపై బహువచనము!

ప్రకృతి సర్వము లోపించి ప్రత్యయమాత్రము శేషించుట మనకుఁ గ్రొత్తగాదు. ‘ఇయత్’ శబ్దమును స్మరింపుఁడు. ఇదమ్ శబ్దముపైఁ బరిమాణార్థమున వతుప్పు వచ్చును. దాని వకారమునకు ఘాదేశమును, ఆ ఘకారమునకు ఇయాదేశమును గలుగును. ఇదమ్మునకు ఈశాదేశము వచ్చును. ఆ యీకారమునకును లోపము చెప్పఁబడును. తుదకుఁ గనఁబడు ‘ఇయత్’ అంతయుఁ బ్రత్యయమే. ‘అధునా’ యను మాటయు నట్టిదే. ఈ ప్రక్రియను జెప్పునప్పుడు బాలురు, ఇల్లు కాలిపోయి వాకిలి నిలిచినట్లున్నదని నవ్వుదురు. అయిన నొక భేదము కలదు. పాణినీయమున నీ లోపము ప్రక్రియానిర్వాహమునకై యాచార్యుఁడు చెప్పినది. ఎన్నఁడో యెవ్వరో ఇదమ్ శబ్దమును బలికి, పిదప దానిని విడిచిరని దాని కర్థము గాదు. ఆంగ్లమున నట్లుగాదు. పూర్ణపదము పలుకఁబడిన కాలము, అది తెగిన కాలము రెండును ముద్రితగ్రంథములలో నున్నవి. మనకు ననుమానముగా నున్నది వారికిఁ బ్రత్యక్షము. ఈ వ్యాసము వ్రాయుటకుఁ బ్రధానకారణ మిదియే.

పదమును గత్తిరించుట యెల్లరకు నచ్చిన పని గాదు. లాటినున ‘మొబిలె వుల్గుస్’ అనఁగాఁ జంచలమగు ప్రాకృతజనసమూహము. పదునేడవ శతాబ్దాంతమున ఆంగ్లేయులు దానిని ‘మాబ్’ అని కుదించిరి. జొనాథన్ స్విఫ్టు దీనిపైఁ గత్తికట్టెను. 1710 సెప్టెంబరులో ‘టాట్లరు’ పత్రికయందు నిట్టి తెగిన మాటలను దూషించి వ్రాసెను. 1712లో భాషను సంస్కరించి స్థిరపఱుపవలెనని యొక విన్నపమునే ప్రకటించెను. ఆయన ద్వేషించిన మాటలలో ‘పాజిటివ్’ అనుదానిని గోసిన ‘పాజ్’ చచ్చినది. ‘మాబ్’ మాత్రము బ్రతికి, నేఁడు నిఘంటువులలో మర్యాదగాఁ గూర్చున్నది. అంతటి గద్యకర్త కోపమునకు నీ మాట చావకుండుటఁ జూచినప్పుడు, మన గ్రాంథిక వ్యావహారిక కలహములు జ్ఞప్తికి రాకమానవు. నేను గ్రాంథికపక్షమువాఁడనే, అయినను స్విఫ్టు ఓడినాఁడనుట దాఁచలేను.

పూర్వపదమునో యుత్తరపదమునో విడుచుటను గాత్యాయనుఁడు తన వార్తికములయందు నంగీకరించియున్నాఁడు. దేవదత్తుని దత్తుఁడనవచ్చును, దేవుఁడనవచ్చును, సత్యభామను భామయనవచ్చును. ఆంగ్లమున ‘టెలిఫోను’ ‘ఫోను’ అగుట పూర్వపదలోపము. మనవారు ‘రైలు’ అని బండి నంతటిని వ్యవహరించుట యుత్తరపదలోపము. ఆ పదమున కర్థము బండి క్రింది యినుపకమ్మి మాత్రమే. ఇంతకంటెను జక్కని సామ్య మొకటి యున్నది. అనుకంప తోఁపఁగాఁ బలుకునప్పుడు, పెక్కచ్చులు గల మనుష్యనామమునందు రెండవ యచ్చునకుఁ బైనున్న దంతయు లోపించి దానిపైఁ బ్రత్యయము వచ్చునని పాణిని చెప్పెను. దేవదత్తుఁడు దేవికుఁడు, దేవియుఁడు, దేవిలుఁడు అగును. ఆంగ్లేయులు ‘హ్యాండ్కర్చీఫ్’ను ‘హ్యాంకీ’ యనుటయు, ‘టెలివిజను’ను ‘టెలీ’ యనుటయు నీ జాతివే. కోఁత, కోసినచోట ముద్దుప్రత్యయము. వారు మనుష్యనామ నియమమును బాటింపక చేతిరుమాలును గూడ ముద్దుచేసిరి, అంతియే భేదము.

ఇఁక రెండు పదములను నఱకి యతికించుట. 1871లో వెలువడిన యొక బాలకథాగ్రంథమున లూయీ కారల్ ఇట్టి పదములను వినోదార్థము పెక్కింటిని బుట్టించి, వానికి ‘పోర్టుమాంటో’ అను పేరు పెట్టెను. అది రెండు అఱలు గల ప్రయాణపు తోలుపెట్టె పేరు. అందలి ‘చార్టిల్’ అనునది, ముసిముసినవ్వు నొకవంకను గురకను వేఱొకవంకను దెలుపు రెండు మాటల కూటమి, నేఁడు సామాన్యవ్యవహారమున నున్నది. 1895లో బెరింజరు అనునాతఁడు ‘బ్రేక్ఫాస్టు’, ‘లంచ్’ అనువానిని గలిపి ‘బ్రంచ్’ అని వ్రాసెను. దీనికంటె ముఖ్యమైనది ‘స్మాగ్’. పొగకు ‘స్మోక్’, మంచునకు ‘ఫాగ్’. మొదటిదాని తల, రెండవదాని తోఁక. 1905లో లండనునందు జరిగిన ప్రజారోగ్యసభలో డెవో అను వైద్యుఁడు ఈ పదమును బ్రయోగించెను. 1952 డిసెంబరు 5 మొదలు 9 వఱకు నా నగరమును గప్పిన స్మాగువలన నాలుగువేలమంది మరణించిరని యప్పటి లెక్క. పిదపటి పరిశోధకులు పండ్రెండువేల వఱకుఁ జెప్పుచున్నారు. 1956లో వాయుశుద్ధికిఁ జట్టము చేయఁబడినది. వైద్యుఁడు పెట్టిన పేరు వ్యాధికంటె ముందే యుండుటచేతఁ బత్రికలవారికి మాట వెదకుకొను పని తప్పినది. తెలుఁగున దీనికి సరియైన మాట చిక్కదు. ‘పొగమంచు’ అందమన్న, పొగ లేని మంచునకే మన మా పేరును దొల్లియే యిచ్చివైచితిమి!

ఇట్టి పదములకు మన శాస్త్రమునఁ జోటు పృషోదరాదిగణము. పృషత్, ఉదరము కలిసి తకారము పోయి పృషోదరము, వారివాహకము బలాహకము, జీవనమూతము జీమూతము. వర్ణాగమ వర్ణవిపర్యయ వర్ణలోపములచే శిష్టులు పలికినట్లే యివి సాధువు లని సమాధానము. బాల్యమునఁ జదివినప్పుడు నాకు నిందు సంశయ ముండెడిది: రెండు మాటలను నరుఁడు బుద్ధిపూర్వకముగా నిట్లు నుగ్గుచేయునా యని. చేయునని ‘స్మాగ్’ చెప్పుచున్నది. కాని యిందుచేతనే బలాహకము వారివాహకమునుండి పుట్టెనని సిద్ధమగునా? కాదు. చేయవచ్చుననుట వేఱు, చేసిరనుట వేఱు. డెవో వైద్యుని ప్రసంగము వంటి సాక్ష్యము బలాహకమునకు లేదు. ఈ రెంటిని గలగాపులగము చేయుటయే మన నిర్వచనకారుల దోషమనియు, మాయందఱి దోషమనియు నాకు నానాఁటికిఁ దోఁచుచున్నది.

నామము రూపము మాఱకయే క్రియయగుట ఆంగ్లమున సర్వసాధారణము. ఇది క్విప్పు చేయు పనియే. క్విప్పునందలి వర్ణములన్నియు లోపించును, కార్యము మాత్రము నిలుచును. కృష్ణునివలె నాచరించుచున్నాఁడను నర్థమున ‘కృష్ణతి’ యనుట చూడుఁడు. ఐర్లండున మేయో మండలమునఁ గెప్టెన్ బాయికాటు అను భూస్వామి కార్యకర్త యుండెను. 1880లో భూమిసంఘమువారి ప్రేరణచే రైతు లాతని పొలమున నడుగిడరైరి. అంగడివాఁ డమ్మఁడు, పనివాఁడు రాఁడు. ఆ యేఁడే యాతని పేరు ధాతువైనది. 1905లో వంగవిభజనమునాఁడు అది మన దేశమునకును ‘బాయికా’టను పేర వచ్చి యెల్లరి నోళ్ల నానినది. కాని క్విబర్థ మిచటఁ దలక్రిందైనది. ‘కృష్ణతి’ యన్నఁ గృష్ణునివలెఁ జేయుట. బాయికాటు చేయుట యన్న, బాయికాటువలెఁ జేయుట గాదు. లోకము బాయికాటునకుఁ జేసినట్లు చేయుట. పేరుగలవాఁడు కర్తగాక కర్మయైనాఁడు.

ఆద్యక్షరములఁ గూర్చు పదములకుఁ బ్రత్యాహారములతోఁ బోలిక చెప్పువారు కలరు. పోలిక యల్పము. అచ్చు, హల్లు, సుప్పు, తిఙ్ఙు అనునవి మొదటి వర్ణమునుండి తుది యిత్తు వఱకు నడుమ నున్న వెల్లను దెలుపును. ‘రాడార్’, ‘లేసర్’ అనునవి యొక్కొక్క మాటనుండి యొక్కొక్క ముక్కను దీసికొన్నవి. ఒకటి పరిధి, రెండవది పేరుపు. వీనిలో వింతయైనది ‘ఓకే’. దీనికి నాటవికభాషలలోను, సైనికులలోను, బేకరీలలోను మూలమును వెదకినవారు పెక్కండ్రు. 1963, 1964 సంవత్సరములలో ఆలెన్ వాకర్ రీడ్ అను అమెరికను పండితుఁడు పాతపత్రికలఁ దిరుగవైచి దీని జన్మమును దేల్చెను. 1839 మార్చి 23వ తేదీ బోస్టను పత్రికలో ‘ఆల్ కరెక్ట్’ అనుదానిని వేడుకకుఁ దప్పుగా వ్రాసి, ఆ తప్పువ్రాఁతయొక్క మొదటి యక్షరములను బ్రకటించిరి. అపశబ్దమునకు సంక్షేపము! ఆ నాఁటి వేడుకమాటలలోఁ దక్కినవి నశించుచుండఁగా, 1840 ఎన్నికలలో వాన్ బ్యూరెను పక్షమువా రాయన జన్మగ్రామమైన కిండర్హుక్ పేరితోఁ గలిపి దీనినే నినాదముగాఁ గొనిరి. ఆయన యోడెను, మాట గెలిచినది. నేఁడు తెలుఁగునాఁట గోచి పెట్టని బాలుఁడును ‘ఓకే’ యనుచున్నాఁడు.

కుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోవునట్లు, శబ్దములు కావలసినవాఁడు వైయాకరణునింటికిఁ బోయి చేసిపెట్టుమనఁడని భాష్యకారుని యభిప్రాయము. 1888లో ఈస్ట్మను తన ఛాయాగ్రహణయంత్రమునకు ‘కొడక్’ అని యే భాషలోను అర్థములేని పేరు తానే మలచుకొనెను. కుమ్మరి యింటికిఁ బోకుండఁ దానే సారె త్రిప్పికొన్నాఁడన్నమాట. మన డిత్థ డవిత్థములను యదృచ్ఛాశబ్దములకు నింతకంటె మంచి యుదాహరణము లేదు.

ఇప్పుడు ప్రతిలోమనిష్పత్తికి వచ్చెదను. ఉన్న పదమును గృదంతమని భ్రమించి, అందుండి లేని ధాతువును దీయుట దీని స్వరూపము. ‘ఎడిటర్’ అను మాట లాటినునుండి పూర్ణముగా వచ్చినది. దాని తుదియందలి ‘ఒర్’ను మన తృచ్చువలెఁ గర్త్రర్థకముగా నెంచి, దానిని దీసివైచి పదునెనిమిదవ శతాబ్దాంతమున ‘ఎడిట్’ అను క్రియను జేసిరి. దొంగను దెలుపు ‘బర్గ్లర్’నుండి ‘బర్గిల్’ అను క్రియ పుట్టినది. ఆంగ్లబృహన్నిఘంటుసంపాదకుఁడు జేమ్సు మఱ్ఱే యీ మార్గమునకు నామకరణము చేసెను. బఠానీగింజకు మొదట ‘పీజ్’ ఏకవచనము. తుది వర్ణమును బహువచనమని తలఁచి ‘పీ’ యని యేకవచనమును గల్పించిరి. పైని జెప్పిన ‘లేసర్’ తుదియందలి రేఫము వేఱొక మాట మొదటి యక్షరమే; దానినిఁ గూడఁ గర్తృప్రత్యయముగా భావించి ‘లేజ్’ ధాతువును బుట్టించినారు. హాంబర్గు నగరసంబంధియగు ‘హాంబర్గర్’ను, పందిమాంసమను నర్థము గల ‘హామ్’, ‘బర్గర్’ అని చీల్చి, ‘బర్గర్’ను స్వతంత్రపదము చేసిరి, ఆ భక్ష్యమున నున్నది గోమాంసము. ‘హెలికాప్టరు’ గ్రీకున ‘హెలికో’, ‘ప్టెర్’ అని విడువవలసినది. ప్టెరమనఁగా ఱెక్క, పతనార్థకమగు మన పత్ ధాతువునకును బత్రశబ్దమునకును జుట్టము. దానిని ‘హెలి’, ‘కాప్టర్’ అని నఱకి ఱెక్క మొదటి పకారమును గకారముతోఁ గట్టివైచినారు.

ఇందొక హెచ్చరిక. ‘అ నేప్రన్’ అనుదానిని ‘అన్ ఏప్రన్’ అని విఱిచి నకారము పోఁగొట్టుకొన్నది ఆంగ్లేయులే. ‘ఆరెంజి’ విషయమునను వారే యట్లు చేసిరని కొందఱు వ్రాయుచున్నారు, అది సరిగాదు. సంస్కృత నారంగము పారసీకముమీఁదుగా అరబ్బీకిఁ బోయి యైరోపాకుఁ జేరినది. ఇటలీ ఫ్రాన్సుదేశములలోనే నకారము జాఱినది. ఆంగ్లేయులకు నాదిలేని పండే చేతికి వచ్చినది. స్పెయినువారి నోటను, మన ‘నారింజ’యందును నకారము సురక్షితము.

ఇఁక నా విద్యార్థి ప్రశ్న. నేను ముప్పదియేండ్లుగా సంస్కృతపాఠము చెప్పుచున్నాను. అమరమున మనుష్యవర్గము చెప్పునప్పుడు, ధవుఁడు పతి, విగతుఁడైన ధవుఁడు గలది విధవ యని బోధించుట యలవాటు. యాస్కుఁడు చెప్పిన నిర్వచనములలోను నిది యొకటి. ఒకనాఁడు వెనుకబల్లనున్న బాలుఁ డొకఁడు లేచి, “అయ్యవారూ, విధవకును ఇంగ్లీషులోని ‘విడో’కును సంబంధ మున్నదని మా ఇంగ్లీషు మాష్టరుగారు చెప్పినారు. విధవలో ‘వి’ ఉపసర్గమైతే, వారి మాటలోఁ గూడ ‘వి’ తీసివేసినచో మగఁడు మిగులవలెను గదా! అతఁ డేఁడీ?” అని యడిగినాఁడు. తరగతి నవ్వినది. నేను గద్దించి కూర్చుండఁబెట్టితిని. ఇంటికి వచ్చినతరువాత నా గద్దింపునకుఁ జాల సిగ్గుపడితిని.

బాలుఁ డడిగినది సరియైన ప్రశ్న. లాటినున విదువా, గాథికున విదువో, ప్రాచీనాంగ్లమున విదువె, రష్యనున వ్దొవా. అన్నియు నొక్క మూలమునఁ బుట్టినవి. వీనిలో నెందును ‘వి’ విడిపోదు. తక్కిన భాగమునకు భర్త యను నర్థ మేభాషయందును లేదు. లేమిని, ఎడబాటును దెలుపు ధాతువునుండి పదమంతయు నేకముగా వచ్చినది. కాఁబట్టి మొదట నున్నది విధవయే. ఆమె పేరిలోని మొదటి యక్షరమును విగతార్థకమగు నుపసర్గగా మనవారు భావించి, మిగిలినది మగఁడు కాఁబోలునని ధవుని సృష్టించిరి. ‘ఎడిటర్’నుండి ‘ఎడిట్’ వచ్చినట్లే. మగఁడు పోఁగా విధవ యగుట లోకము. విధవనుండి మగఁడు పుట్టుట వ్యాకరణము!

ఇది యొక్కటియే కాదు. ఋగ్వేదమున వరుణేంద్రాదులును అసురులని గౌరవముగాఁ బిలువఁబడిరి, అసువనఁగాఁ బ్రాణము. పారసీకుల ‘అహుర’ శబ్ద మిదియే. సురశబ్దము దేవతార్థమున ఋగ్వేదమునఁ గానరాదు. అసురశబ్దము దానవపరమైన పిదప అకారమును నఞ్ఞుగాఁ దలఁచి, కాని వారు సురులనిరి. ఆ పిదప సురను గ్రహించినవారు సురులని రామాయణ బాలకాండమున నుపాఖ్యానమే వెలసినది. నల్లనిదను నర్థము గల అసితమునుండి తెల్లనిదగు సితము నిట్లే పుట్టినదని పరిశోధకుల యభిప్రాయము.

ఇట్లనుటచే ధవశబ్ద మసాధువని నేను జెప్పుట లేదు. అమరసింహుఁడు దానిని బరిగ్రహించెను. కవు లుమాధవుఁ డనిరి. దానికి సంతానము గలిగినది. పుట్టుక భ్రాంతివలననైనను బ్రయోగమే దానిని నిలిపినది. ‘ఎడిట్’ అను క్రియను నేఁడు తప్పనువాఁ డెవఁడు? మార్పవలసినది పాఠముననే. ధవశబ్దమునుండి విధవ వచ్చెనని గాక, విధవాశబ్దమునుండి ధవుఁడు వచ్చెనని చెప్పవలయును. నిరుక్తవాక్యమును, దాని ప్రక్కనే యైరోపాభాషల మాటలును నల్లబల్లపై వ్రాసి చూపుచున్నాను. ఇందులకు మా పాఠశాలలోఁ బెద్దపండితు లొకరు నాపైఁ గినుక వహించియున్నారు. యాస్కునిఁ దప్పుపట్టుటకు నీ వెవ్వఁడవని వారి ప్రశ్న. యాస్కుఁడు ఒక్క నిర్వచనముతోఁ దృప్తిపడక విధవకుఁ బెక్కు నిర్వచనములను జెప్పి, ధవపక్షమును దుదకుఁ బక్షాంతరముగా మాత్రమే చూపెనని నా మనవి. దానికి వారింకను బ్రత్యుత్తర మీయలేదు.

ఆ బాలుఁడు మాత్రము మఱునాఁడే మఱల లేచినాఁడు. ఈ మాఱు నేను గద్దింపలేదు. “అయితే మాధవుని మాట యేమండీ? ‘మా’ యనఁగా లక్ష్మి, ఆమె ధవుఁడు మాధవుఁడని క్రిందటి వారమే గదా చెప్పినారు?” అన్నాఁడు. మధుశబ్దముపై నణ్ప్రత్యయము వచ్చిన మాధవుఁ డొకఁడున్నాఁడని, యదువంశమున మధుఁడనురాజు కలఁడని, ధవునితోఁ బనిలేకయే యా పేరు సిద్ధించునని చెప్పితిని. వాఁడు తన పుస్తకమున రెండు వ్యుత్పత్తులను వ్రాసికొని, క్రిందటి వారముదానిని గొట్టివేయక, దాని ప్రక్కను చిన్న ప్రశ్నచిహ్న ముంచినాఁడు.